విదేశీ చదువుకి ప్రభుత్వ స్కాలర్‌షిప్ వస్తుందా, ఆ డిగ్రీ ఇక్కడ చెల్లుతుందా: వెళ్లేముందే ఎలా చెక్ చేసుకోవాలి

విదేశీ చదువుకి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్ గురించి "అన్నా నాకు ఆ 20 లక్షలు వస్తాయా" అనేది ఒకటి, "అక్కడ చేసిన మాస్టర్స్ ఇక్కడ గవర్నమెంట్ ఉద్యోగానికి పనికొస్తుందా" అనేది ఇంకోటి, తిప్పి తిప్పి ఈ రెండే అడుగుతున్నారు, అది కూడా చాలామంది డిపాజిట్ కట్టేశాక, కొంతమంది అయితే టికెట్ బుక్ చేసుకున్నాక అడుగుతున్నారు. అప్పటికి నేను చెప్పగలిగింది పెద్దగా ఏం ఉండదు. అడిగేవాళ్లలో ఎక్కువమంది తెలంగాణ పిల్లలే కాబట్టి అక్కడి స్కీములు పెట్టుకునే రాస్తున్నా, గుర్తింపు గురించి చెప్పేది మాత్రం ఏ రాష్ట్రం వాళ్లకైనా ఒకటే.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం తలకెక్కించుకోండి. స్కాలర్‌షిప్ ఇచ్చేది సంక్షేమ శాఖ, డిగ్రీకి గుర్తింపు ఇచ్చేది యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్), ఏఐయూ (అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్), ఇంకా మెడికల్ అయితే ఎన్ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) లాంటివి. వీళ్లలో ఒకరు ఓకే అన్నారని రెండోవాళ్లు ఓకే అంటారని లేదు. "సర్కారే డబ్బులిచ్చింది కదా, ఇంక డిగ్రీ చెల్లకపోవడం ఏంటి" అని చాలామంది అనుకుంటారు, అలా ఏం ఉండదు, రెండూ విడివిడిగా చూసుకోవాల్సిందే, పైగా రెండూ ఒకే టైమ్‌లో, అంటే అడ్మిషన్ కన్ఫర్మ్ చేసుకోకముందే చూసుకోవాలి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

టెన్త్, ఇంటర్, డిగ్రీ మెమోలు, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపి ఇచ్చే మెమో), ప్రొవిజినల్ సర్టిఫికెట్ లేదా ఓడీ (ఒరిజినల్ డిగ్రీ). పాస్‌పోర్ట్. ఆధార్. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, నివాస సర్టిఫికెట్, ఈ మూడూ మీసేవలో తీసుకున్నవి. డిగ్రీలో ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుని ఉంటే అప్పటి ఈపాస్ (ప్రభుత్వ స్కాలర్‌షిప్ సైట్) ఐడీ. జీఆర్ఈ లేదా జీమ్యాట్ ప్రవేశ పరీక్ష స్కోర్ కార్డు, ఐఈఎల్‌టీఎస్ లేదా టోఫెల్ లేదా పీటీఈ ఇంగ్లీష్ పరీక్ష స్కోర్ కార్డు. ఆఫర్ లెటర్, అమెరికా అయితే ఐ-20, అంటే స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఫారం. మీ పేరు మీద జాతీయ బ్యాంకులో సేవింగ్స్ ఖాతా. ఇంట్లో ఎవరైనా ఐటీ రిటర్న్ వేస్తుంటే దాని కాపీ. అన్నీ స్కాన్ చేసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి, ఫోన్‌తో ఫొటో తీసినవి, అంచులు కట్ అయినవి పెట్టొద్దు, వెరిఫికేషన్‌లో మెమో నంబర్ కనిపించక వెనక్కి పంపించేస్తారు.

1. మీరు ఏ స్కీము కిందకి వస్తారో తేల్చుకోండి

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకి అంబేద్కర్ విదేశీ విద్యానిధి, బీసీ, ఈబీసీలకి మహాత్మా జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి, మైనారిటీలకి సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్, బ్రాహ్మణ సంక్షేమ పరిషత్ తరఫున వివేకానంద విదేశీ విద్యా పథకం. పేర్లు వేరైనా పద్ధతి ఒకటే, 20 లక్షల వరకు గ్రాంట్, తిరిగి కట్టాల్సిన పని లేదు, పైన ఒకవైపు విమాన ఖర్చు. ఇంట్లో ఏడాది ఆదాయం 5 లక్షలు దాటకూడదు, వయసు 35 దాటకూడదు, డిగ్రీలో 60 శాతం ఉండాలి. ఒక కుటుంబంలో ఒక్కరికే, జీవితంలో ఒక్కసారే. మీ అక్క ఆల్రెడీ తీసుకుని ఉంటే మీకు రాదు, ఈ ఒక్క లైను ముందే చదువుకుంటే అప్లికేషన్ శ్రమ మొత్తం తప్పుతుంది.

దేశాల లిస్టు కూడా ఉంటుంది, అమెరికా, యూకే, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సింగపూర్, జర్మనీ, ఫ్రాన్స్, జపాన్, దక్షిణ కొరియా లాంటివి. ఐర్లాండ్‌కో పోలాండ్‌కో వెళ్తూ "మాస్టర్సే కదా" అని అప్లై చేసేవాళ్లు ఉన్నారు, ఆ ఏడాది నోటిఫికేషన్‌లో మీ దేశం పేరు ఉందా లేదా అని మీ కళ్లతో మీరు చూసుకోండి.

ఆంధ్ర వాళ్లకి స్కీము వేరు. 2022లో తెచ్చిన జగనన్న విదేశీ విద్యా దీవెనలో క్యూఎస్ అనే ప్రపంచ యూనివర్సిటీల జాబితాలో ర్యాంకు ఉన్న యూనివర్సిటీలకే అని పెట్టారు, ఆదాయం 8 లక్షల వరకు. 2024లో ప్రభుత్వం మారింది కాబట్టి పాత వీడియోలు చూసి లెక్కలు వేసుకోకుండా జ్ఞానభూమి పోర్టల్‌లో ఇప్పుడున్న జీవో చదవండి.

ఎస్సీ వాళ్లు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కూడా చూడాలి, ఎందుకో మనవాళ్లు దీన్ని పట్టించుకోరు. దేశం మొత్తానికి 125 సీట్లు, అందులో 115 ఎస్సీలకి, మిగతావి సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల వాళ్లకి. 30 శాతం అమ్మాయిలకి. ఆదాయ పరిమితి 8 లక్షలు, అంటే రాష్ట్ర స్కీములో 5 లక్షలు దాటి బయటపడ్డవాళ్లు ఇక్కడ సరిపోవచ్చు. క్యూఎస్ టాప్ 500లో ఉన్న యూనివర్సిటీ నుంచి షరతులు లేని ఆఫర్ ఉండాలి. ట్యూషన్ ఫీజు మొత్తం, పైన ఖర్చులకి ఏడాదికి 15,400 డాలర్లు, యూకే అయితే 9,900 పౌండ్లు ఇస్తారు. మాస్టర్స్‌కి, పీహెచ్‌డీకి మాత్రమే, బ్యాచిలర్స్‌కి లేదు. మంచి యూనివర్సిటీలో సీటు ఉంటే ముందు దీనికే ట్రై చేయండని నేను చెప్తాను. ఎస్టీలకి గిరిజన వ్యవహారాల శాఖ విడిగా ఇలాంటిదే నడుపుతుంది.

ఒక హెచ్చరిక. మైనారిటీలకి లోన్ వడ్డీ కట్టే పఢో పరదేశ్ స్కీము 2022-23 నుంచి ఆపేశారు, అయినా కొంతమంది ఏజెంట్లు ఇంకా దాని పేరు చెప్పి ఫారం ఫీజు వసూలు చేస్తున్నారు. అలాగే పీఎం విద్యాలక్ష్మి అనేది మన దేశంలోని మంచి ర్యాంకున్న కాలేజీల్లో చదివేవాళ్లకి, విదేశీ చదువుకి దానితో సంబంధం లేదు.

2. మీ నంబర్లు మీరే లెక్కేసుకోండి

60 శాతం దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. సీజీపీఏని పదితో గుణించి "నాకు 64 శాతం" అనేస్తారు. జేఎన్‌టీయూహెచ్ లెక్క అలా కాదు, సీజీపీఏలోంచి 0.5 తీసేసి అప్పుడు పదితో గుణించాలి. 6.4 ఉంటే 64 కాదు 59 అవుతుంది, అంటే అర్హత లేదు. 6.5 ఉంటే సరిగ్గా 60. మీది వేరే యూనివర్సిటీ అయితే మెమో వెనకాల గానీ రెగ్యులేషన్స్‌లో గానీ ఫార్ములా ఉంటుంది, లేదంటే ఎగ్జామ్ బ్రాంచ్‌లో కన్వర్షన్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. ఫారంలో మీరు వేసిన శాతం, మెమోతో వచ్చే శాతం వేరుగా ఉంటే తప్పు సమాచారం కింద పక్కన పెడతారు, మీకు నిజంగా అర్హత ఉన్నా సరే.

స్కోర్ల విషయానికొస్తే ఇదివరకటి నోటిఫికేషన్లలో జీఆర్ఈ 260 లేదా జీమ్యాట్ 500, ఐఈఎల్‌టీఎస్ 6 లేదా టోఫెల్ 60 లేదా పీటీఈ 50 అని అడిగారు. ఇక్కడో చిక్కు ఉంది. ఇప్పుడు చాలా యూనివర్సిటీలు జీఆర్ఈ అక్కర్లేదంటున్నాయి, డ్యుయోలింగో ఇంగ్లీష్ టెస్ట్ చాలంటున్నాయి, పిల్లలు అది చూసి జీఆర్ఈ రాయడమే మానేస్తున్నారు, యూనివర్సిటీ వద్దన్నంత మాత్రాన స్కీము వద్దనదు కదా. స్కాలర్‌షిప్ మీద ఆశ ఉంటే జీఆర్ఈ రాయండి. ఎంపిక మెరిట్ మీద, డిగ్రీ మార్కులతో పాటు ఈ స్కోర్లనీ చూస్తారు, కాబట్టి బొటాబొటీగా కాకుండా కాస్త మంచి స్కోరుకే ట్రై చేయండి.

ఆదాయం గురించి కొంచెం ఓపిగ్గా చదవండి, ఇంట్లో అమ్మానాన్నలకి కూడా చదివి వినిపించండి. ఎడ్యుకేషన్ లోన్‌కి బ్యాంకు వాళ్లు ఆదాయం ఎక్కువ చూపించమంటారు, స్కాలర్‌షిప్‌కి తక్కువ ఉండాలి. దాంతో ఏం చేస్తారంటే లోన్ కోసం నాన్న పేరు మీద 7 లక్షలకి రిటర్న్ వేయిస్తారు, అదే నెలలో ఎమ్మార్వో ఆఫీసు నుంచి 2 లక్షలకి ఆదాయం సర్టిఫికెట్ తెస్తారు. స్కాలర్‌షిప్ అప్లికేషన్‌లో ట్యాక్స్ అసెస్‌మెంట్ కాపీ కూడా అడుగుతారు, పాన్ నంబర్ కొడితే రిటర్న్ దొరుకుతుంది, రెండూ ఎదురెదురుగా పెడితే మీ ఫైలు అక్కడితో సరి. శాంక్షన్ అయ్యాక బయటపడితే ఇచ్చిన డబ్బు రికవరీ పెడతారు. ఉన్నది ఉన్నట్టు చూపించండి, లోన్‌కి ఆదాయం చాలకపోతే మేనమామనో బాబాయినో కో అప్లికెంట్‌గా పెట్టుకునే దారి ఉందేమో బ్యాంకులో అడగండి. అమ్మానాన్నల్లో ఎవరైనా ఉద్యోగం చేస్తుంటే జీతం సర్టిఫికెట్ కూడా పెట్టాలి, ఇద్దరిదీ కలిపే లెక్క.

3. యూనివర్సిటీకి ఆ దేశంలోనే గుర్తింపు ఉందో లేదో చూడండి

కన్సల్టెన్సీ వాళ్ల లిస్టులో ఉందని నమ్మొద్దు. ఏ దేశానికి ఆ దేశం ప్రభుత్వ జాబితా ఉంటుంది, అందులో మీరే వెతకండి, పది నిమిషాల పని.

అమెరికా అయితే వాళ్ల విద్యాశాఖ నడిపే డాపిప్ (DAPIP) అనే డేటాబేస్, కాలేజీల గుర్తింపు చూసే చియా (CHEA) సంస్థ డేటాబేస్, ఈ రెండిట్లో యూనివర్సిటీ పేరు కొట్టండి. యూకే అయితే విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే లైసెన్స్ ఉన్న స్టూడెంట్ స్పాన్సర్ల రిజిస్టర్‌లో ఉండాలి, ఇంగ్లండ్ అయితే ఆఫీస్ ఫర్ స్టూడెంట్స్ రిజిస్టర్ కూడా. కెనడాకి డీఎల్ఐ (DLI, విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే అనుమతి ఉన్న సంస్థలు) జాబితా. ఆస్ట్రేలియాకి క్రికోస్ (CRICOS) అనే రిజిస్టర్, ఇందులో కాలేజీతో పాటు కోర్సుకి కూడా కోడ్ ఉంటుంది, కోర్సు కోడ్ అడగండి. జర్మనీకి అనాబిన్ (anabin) అనే డేటాబేస్, అందులో సంస్థ పక్కన హెచ్ ప్లస్ (H+) అని ఉండాలి.

అమెరికా వెళ్లేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఐ-20 ఇచ్చే అనుమతి వేరు, అక్రెడిటేషన్ (చదువు నాణ్యతకి ఇచ్చే గుర్తింపు) వేరు. ఐ-20 వచ్చింది, వీసా కూడా స్టాంప్ అయింది కాబట్టి యూనివర్సిటీ మంచిదే అనుకోవడం పెద్ద పొరపాటు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీని మూసేసినప్పుడు రోడ్డున పడ్డవాళ్లలో మన తెలుగు పిల్లలే ఎక్కువ, వాళ్లందరి దగ్గరా ఐ-20లు ఉన్నాయి. 2019లో మిషిగన్‌లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అసలు అమెరికా అధికారులే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ, గుర్తింపు ఉన్నట్టు కూడా చూపించారు. అలాంటప్పుడు జాబితా ఒక్కటే చాలదు. క్లాసులు ఎక్కడ జరుగుతాయి, ఎవరు చెప్తారు, సిలబస్ ఏంటి అని యూనివర్సిటీకే మెయిల్ పెట్టండి. "చేరిన రోజు నుంచే ఫుల్ టైమ్ పని చేసుకోవచ్చు, క్లాసులకి రానక్కర్లేదు" అనే మాట వినపడిందంటే అక్కడినుంచి వచ్చేయండి, దాని గురించి ఇంక ఆలోచించొద్దు.

4. ఆ కోర్సు మన దేశంలో చెల్లుతుందా చూడండి

యూనివర్సిటీ మంచిదే అయినా కోర్సు తేడా కొట్టొచ్చు. యూజీసీ 2025 ఏప్రిల్ 4న విదేశీ డిగ్రీల గుర్తింపు మీద కొత్త నిబంధనలు నోటిఫై చేసింది, అప్పటిదాకా ఈక్వివలెన్స్ (విదేశీ డిగ్రీ ఇక్కడి డిగ్రీకి సమానమని ఇచ్చే సర్టిఫికెట్) అంటే అందరూ ఏఐయూ దగ్గరికే వెళ్లేవాళ్లు. ఇవి చదివితే మీరు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

కోర్సు చెప్పేది ఎవరు? పేరు పెద్ద యూనివర్సిటీది, క్లాసులు వేరే ప్రైవేట్ కాలేజీలో, దీన్నే ఫ్రాంచైజీ అంటారు. ఫ్రాంచైజీ పద్ధతిలో చేసిన చదువుకి గుర్తింపు ఇవ్వమని యూజీసీ నిబంధనల్లోనే రాసి ఉంది. యూకేలో ఊరు ఒకటి యూనివర్సిటీ ఇంకో ఊరిది ఉంటే, అంటే ఎక్కడో ఉన్న యూనివర్సిటీకి లండన్ క్యాంపస్ అని చెప్తుంటే, ఆ క్యాంపస్ యూనివర్సిటీ సొంతంగా నడుపుతోందా పార్ట్‌నర్ నడుపుతున్నాడా అని రాతపూర్వకంగా అడగండి. ఆ మెయిల్ దాచుకోండి, రేపు పనికొస్తుంది.

చేరేటప్పటి అర్హత ఇక్కడి లాంటిదేనా? మన దగ్గర ఎంబీఏ చేరాలంటే డిగ్రీ కావాలి. అక్కడ కొన్ని చోట్ల డిప్లొమా, నాలుగేళ్ల అనుభవం ఉంటే నేరుగా ఎంబీఏలో చేర్చుకుంటారు. వాళ్ల దృష్టిలో అది సరైనదే, తిరిగొచ్చి ఈక్వివలెన్స్ అడిగినప్పుడు మాత్రం డిగ్రీ లేకుండా మాస్టర్స్ ఎలా అని ఆగిపోతుంది. పాలిటెక్నిక్ చేసి నేరుగా వెళ్లేవాళ్లు దీన్ని రెండుసార్లు చదవండి.

ఎన్నాళ్ల కోర్సు, ఎలా చదివారు? యూకే ఒక సంవత్సరం మాస్టర్స్ చెల్లదని ఇప్పటికీ భయపెడుతుంటారు, ఒకప్పుడు ఆ ఇబ్బంది ఉన్నమాట నిజమే, కానీ 2022 జూలైలో ఇండియా, యూకే ఒకరి డిగ్రీలు ఒకరు గుర్తించేలా ఒప్పందం చేసుకున్నాయి, ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, లా, ఆర్కిటెక్చర్ ప్రొఫెషనల్ డిగ్రీలు మాత్రం అందులో లేవు. ఆస్ట్రేలియాతో 2023 మార్చిలో ఇలాంటిదే అయింది. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చేసిన విదేశీ డిగ్రీ మీద గవర్నమెంట్ ఉద్యోగం ఆశ పెట్టుకోవద్దు, క్యాంపస్‌కి వెళ్లి రెగ్యులర్‌గా చదివిందే సేఫ్.

ప్రొఫెషనల్ కోర్సా? అయితే యూజీసీ సర్టిఫికెట్‌తో పని జరగదు, ఆ కౌన్సిల్ దగ్గరికే వెళ్లాలి. లాకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, వాళ్లు గుర్తించిన యూనివర్సిటీ అయ్యుండాలి, పైన వాళ్లు పెట్టే క్వాలిఫయింగ్ పరీక్ష రాయాలి. నర్సింగ్‌కి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్, ఆర్కిటెక్చర్‌కి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్.

ఎంబీబీఎస్ వాళ్లకి లెక్కే వేరు. ఎన్ఎంసీ 2021 నవంబర్‌లో తెచ్చిన నిబంధనల ప్రకారం నీట్ క్వాలిఫై అయి ఉండాలి, కోర్సు కనీసం 54 నెలలు ఇంగ్లీష్ మీడియంలో జరగాలి, అదే కాలేజీలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో అక్కడివాళ్లలాగే ప్రాక్టీస్ చేయడానికి రిజిస్ట్రేషన్ దొరికే డిగ్రీ అయ్యుండాలి, చేరిన దగ్గర్నుంచి పదేళ్లలో అయిపోవాలి. తిరిగొచ్చి 300కి 150 తెచ్చుకుని ఎఫ్ఎంజీఈ (విదేశాల్లో ఎంబీబీఎస్ చేసినవాళ్లకి ఇక్కడ పెట్టే పరీక్ష) పాసవ్వాలి, మళ్లీ ఇక్కడ 12 నెలల ఇంటర్న్‌షిప్. ఫిలిప్పీన్స్‌లో వైద్య కోర్సుకి ముందు చదివే బీఎస్ డిగ్రీ ఏళ్లని ఈ 54 నెలల్లో కలపరు. మధ్యలో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారడం కూడా కుదరదు, కోర్సంతా ఒకే చోట పూర్తి కావాలి. ఏజెంటు "ఎన్ఎంసీ అప్రూవ్డ్ కాలేజీ" అంటే ఆ అప్రూవల్ కాగితం చూపించమనండి, ఎన్ఎంసీ విదేశీ కాలేజీలకి అలా అప్రూవల్ ఇవ్వదు, పైన చెప్పిన షరతులు కోర్సుకి సరిపోతున్నాయా లేదా అన్నదే లెక్క.

ఇవన్నీ చదివి కంగారు పడకండి. తిరిగొచ్చి ప్రైవేట్ కంపెనీలో చేరేవాళ్లని ఈక్వివలెన్స్ ఎవరూ పెద్దగా అడగరు. టీజీపీఎస్సీ, యూపీఎస్సీ, లెక్చరర్ పోస్టులు, యూజీసీ నెట్ పరీక్ష, ఇక్కడ పీహెచ్‌డీ, వీటికే కావాలి. కాకపోతే ఇరవై రెండేళ్లప్పుడు "నాకు గవర్నమెంట్ జాబ్ వద్దు" అన్నవాళ్లే ముప్పై దాటాక నోటిఫికేషన్ల కోసం చూస్తుంటారు.

5. పేరు సరిచేసుకోండి, అప్లికేషన్ కంటే ముందు

మన తెలుగువాళ్ల ఇంటిపేరు గొడవ ఇది. టెన్త్ మెమోలో కె సాయి కుమార్ అని ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో కొండపల్లి సాయి కుమార్, ఆధార్‌లో సాయికుమార్ కలిపేసి, బ్యాంకులో సాయి కుమార్ కె. మనిషి ఒక్కడే, సిస్టమ్‌కి నలుగురు. పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో ఆధార్, బ్యాంకు అలాగే మార్పించుకోండి, ఇవి తేలిగ్గా మారతాయి. మెమోలు మార్చడం కష్టం, వాటి జోలికి పోకుండా రెండు పేర్లూ ఒకరివే అని నోటరీ అఫిడవిట్ చేయించి పెట్టుకోండి. అమ్మాయిలు పెళ్లయ్యాక పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు మారిస్తే కులం సర్టిఫికెట్‌తో, మెమోలతో తేడా వస్తుంది, అప్పుడు మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా ఫోల్డర్‌లో ఉండాలి.

6. అప్లై చేయడం

తెలంగాణ ఈపాస్ సైట్‌లోకి వెళ్లి మీ స్కీము పేరు మీద రిజిస్ట్రేషన్ చేయాలి. ఏడాదికి రెండుసార్లు, ఫాల్ (ఆగస్టు, సెప్టెంబర్‌లలో మొదలయ్యే) సీజన్‌కి ఒకసారి, స్ప్రింగ్ (జనవరిలో మొదలయ్యే) సీజన్‌కి ఒకసారి పిలుస్తారు, ఏ తేదీల మధ్య అడ్మిషన్ ఉన్నవాళ్లు అర్హులో నోటిఫికేషన్‌లో రాస్తారు. మీ క్లాసులు మొదలయ్యే తేదీ ఆ మధ్యలో పడుతుందా అన్నది ఐ-20 మీదున్న తేదీతో సరిచూసుకోండి.

నింపేటప్పుడు కులం, ఆదాయం సర్టిఫికెట్ల నంబర్లు మీసేవ రసీదు మీదివి కాకుండా సర్టిఫికెట్ మీదివి వేయండి. ఆదాయం సర్టిఫికెట్ ఈ ఏడాదిదే ఉండాలి, ఎంసెట్ అప్పుడు తీసుకున్నది పనికిరాదు. ఇంట్లో అందరి ఫోన్లలో తిరిగే నంబర్ కాకుండా మీ సొంత నంబర్ ఇవ్వండి.

సబ్‌మిట్ నొక్కాక వచ్చే అప్లికేషన్ నంబర్ స్క్రీన్‌షాట్‌తో వదిలేయకుండా ప్రింట్ తీసుకోండి. అయిందో లేదో ఎలా తెలుస్తుందంటే, మర్నాడు సైట్‌లో స్టేటస్ ఓపెన్ చేసి అప్‌లోడ్ చేసిన ప్రతి ఫైలు తెరిచి చూడండి, కొన్ని ఖాళీ పేజీలుగా, కొన్ని తిరగేసి పడతాయి. అప్లై చేస్తే అయిపోలేదు, ఆ తర్వాత ఒరిజినల్స్ పట్టుకుని జిల్లా సంక్షేమ అధికారి ఆఫీసులోనో హైదరాబాద్‌లోనో వెరిఫికేషన్‌కి రమ్మంటారు. ఆ టైమ్‌కి మీరు విమానం ఎక్కేసి ఉంటే అమ్మానాన్నలు రావచ్చా, ఏం తేవాలి అని ముందే కనుక్కోండి, ఒరిజినల్స్ మీతో పట్టుకెళ్తే ఇక్కడ చూపించడానికి ఏమీ ఉండదు.

డబ్బు విషయంలో నిజం చెప్తాను, మొదటి సెమిస్టర్ ఫీజు ఈ స్కాలర్‌షిప్‌తో కడదామనే ప్లాన్ పెట్టుకోవద్దు. శాంక్షన్, బడ్జెట్ రిలీజ్ రెండూ లేట్ అవుతాయి, నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు చాలామంది ఉన్నారు, అప్పు తెచ్చి వెళ్లి ఆ డబ్బు కోసం ఫోన్లు చేస్తూ అక్కడ పిల్లలు, ఇక్కడ పెద్దలు పడే బాధ మామూలుది కాదు. లోనో సొంత డబ్బో పెట్టుకుని వెళ్లండి, ఇది వచ్చినప్పుడు లోన్‌కి జమ చేసుకోండి.

7. దిగాక మొదటి వారంలో చేయాల్సినవి

గ్రాంట్ రెండు విడతలు, 10 లక్షలు, 10 లక్షలు. మొదటిది మీరు ఆ దేశంలో దిగినట్టు రుజువు చూపిస్తే, రెండోది మొదటి సెమిస్టర్ రిజల్ట్ పెడితే. అమెరికా అయితే ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) కాగితం ఎయిర్‌పోర్టులో ఇవ్వరు, వాళ్ల సైట్‌లో పాస్‌పోర్ట్ నంబర్ కొట్టి మీరే డౌన్‌లోడ్ చేసుకోవాలి, అందులో పేరు, తేదీ సరిగ్గా ఉన్నాయో చూసుకోండి. బోర్డింగ్ పాస్‌లు పారేయొద్దు, టికెట్ డబ్బులకి అవే ఆధారం. పాస్‌పోర్ట్‌లో ఎంట్రీ స్టాంప్ పేజీ, యూనివర్సిటీ ఎన్‌రోల్‌మెంట్ లెటర్, ఫీజు రసీదు స్కాన్ చేసి పెట్టుకోండి.

ఇండియా సిమ్ బతికించుకోండి, రోమింగ్ ఆన్ చేయించి వెళ్లండి. ఈపాస్, బ్యాంకు, ఆధార్ అన్నిటి ఓటీపీలు దానికే వస్తాయి, రీచార్జ్ లేక నంబర్ పోయి, శాంక్షన్ అయిన డబ్బు ఖాతాలో పడక ఆగిపోయిన కేసులు ఉన్నాయి. ఖాతా కూడా ఊరికే వదిలేస్తే వాడకంలో లేదని ఆపేస్తారు, అప్పుడప్పుడు వందో రెండొందలో వేసి తీస్తూ ఉండండి.

యూనివర్సిటీ మారాలనుకుంటే, ఫీజు తక్కువని చాలామంది మొదటి సెమిస్టర్ తర్వాత మారతారు, మారేముందు సంక్షేమ శాఖకి రాసి జవాబు తీసుకోండి. శాంక్షన్ ఒక యూనివర్సిటీ పేరు మీద ఉండి రిజల్ట్ ఇంకో దానిది పెడితే రెండో విడత అడ్డం పడుతుంది.

8. తిరిగొచ్చాక ఈక్వివలెన్స్

దీనికి కావాల్సినవి అక్కడ ఉండగానే సంపాదించాలి, వచ్చేశాక మెయిల్స్ పెట్టి తెప్పించుకోవడం నరకం. డిగ్రీ సర్టిఫికెట్, ప్రతి సెమిస్టర్ ట్రాన్‌స్క్రిప్ట్, క్రెడిట్లు ఎన్నో కనిపించేలా సిలబస్, కోర్సు ఎన్నాళ్లు, ఫుల్ టైమ్, క్యాంపస్‌లోనే అని చెప్పే లెటర్, పాత పాస్‌పోర్ట్ కూడా. మీరు నిజంగా అక్కడే ఉండి చదివారా అన్నది వీసా, స్టాంపులతో చూస్తారు కాబట్టి పాస్‌పోర్ట్ రెన్యూవల్‌కి ఇచ్చేముందు అన్ని పేజీలూ స్కాన్ చేయండి. అడిగిన చోట డిగ్రీ మీద అపోస్టిల్ (డిగ్రీ అసలైనదే అని ప్రభుత్వం వేసే ముద్ర) వేయించాలి, అది డిగ్రీ ఇచ్చిన దేశంలోనే వేస్తారు, ఇక్కడ మన విదేశాంగ శాఖ అక్కడి డిగ్రీ మీద వేయదు. కెనడా 2024 జనవరి నుంచి అపోస్టిల్ పద్ధతిలోకి వచ్చింది.

యూజీసీకి పెట్టే అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే. యూజీసీ నిబంధనల్లో 15 పని దినాల్లో నిర్ణయం చెప్పాలని ఉంది, మధ్యలో ఇంకో కాగితం అడిగితే లెక్క సాగుతుంది. కాదన్నారంటే 30 పని దినాల్లోపు రివ్యూకి పెట్టుకోవచ్చు, కారణం ఏం రాశారో చదివి దానికి జవాబిచ్చే కాగితం జత చేసి పెట్టండి, అదే పాత ఫైలు మళ్లీ పంపితే ఉపయోగం లేదు.

వచ్చిన సర్టిఫికెట్‌లో మూడు చూడండి, మీ పేరు పాస్‌పోర్ట్‌లాగే ఉందా, కోర్సు పేరు డిగ్రీ మీద ఉన్నట్టే ఉందా, ఇక్కడి ఏ డిగ్రీకి సమానం అని రాశారు. మూడోది చాలామంది చదవరు. "మాస్టర్స్‌తో సమానం" అన్నంత మాత్రాన ఫలానా సబ్జెక్ట్ లెక్చరర్ పోస్టుకి సరిపోతుందని కాదు, సబ్జెక్ట్ సరిపోతుందా అన్నది ఉద్యోగం ఇచ్చేవాళ్లే తేలుస్తారు. డేటా అనలిటిక్స్‌లో మాస్టర్స్ చేసి కంప్యూటర్ సైన్స్ పోస్టుకి పెట్టేవాళ్లు నోటిఫికేషన్‌లో రాసిన సబ్జెక్టుల పేర్లు చూసుకుని, అనుమానం ఉంటే అప్లికేషన్ చివరి తేదీ లోపే ఆ ఉద్యోగ నోటిఫికేషన్ ఇచ్చిన కమిషన్‌కి రాతపూర్వకంగా అడగండి. నోటిఫికేషన్‌లో చెప్పిన కటాఫ్ తేదీకి సర్టిఫికెట్ మీ చేతిలో ఉండాలి, అప్లై చేసిన రసీదు చూపిస్తే ఒప్పుకోరు, కాబట్టి పోస్టు పడేదాకా ఆగకుండా డిగ్రీ వచ్చిన ఏడాదే ఈ పని ముగించుకోండి.